వీపు మీద రాసిన కూత

మొన్న మా అబ్బాయి బండిలో చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళుతున్నాం. వాడికి పేటలో విత్తనాలు, పురుగు మందుల కొట్టు ఉంది. బండి పాత జీపు. వెనక బస్తాలు వేసుకోవడానికని సీట్లు పీకేయించి, పొడవాటి బల్ల ఒక్కటి ఉంచాడు. ఆ బల్ల మీద నేనూ, మా మనవరాలూ కూర్చున్నాం. పిల్ల నోరు క్షణం ఊరుకోదు. హైవే ఎక్కి కాస్త దూరం పోయాక నా మోచెయ్యి పట్టుకుని ఊపి, కింద ఏదో కూస్తోంది నానమ్మా అంది.

నేను చెవి ఒగ్గి విన్నాను. గాలి హోరు ఉంది. లారీల మోత ఉంది. ముందు సీట్లో మావాడు పెట్టుకున్న పాటల్లో దరువు మాత్రం ధన్ ధన్‌మంటోంది. అంతకు మించి నాకేమీ అందలేదు. మావాడు అద్దంలోంచి చూసి, అది రోడ్డు చప్పుడులే అని కొట్టిపారేశాడు. పిల్ల ఒప్పుకోలేదు. నీకు వినపడట్లేదా అని నన్ను నిలదీసింది. వినపడుతోందిలే అన్నాను.

అలా అనడం నాకీ మధ్య బాగా అలవాటైపోయింది. కుక్కరు ఎన్ని కూతలు వేసిందంటే ఏదో ఒకటి చెప్పేస్తాను. ఫోనులో అవతలివాళ్ళు నవ్వినట్టు అనిపిస్తే నేనూ నవ్వేస్తాను. చర్చిలో పక్కావిడ ఏ పేజీ తిప్పితే నేనూ ఆ పేజీ తిప్పుతాను. ఇంట్లో ఇంకా ఎవరూ పసిగట్టలేదు. పసిగడితే నన్నో మూల కూర్చోబెట్టి, ఏం పని చెప్పకుండా, అడక్కుండా అన్నీ వాళ్ళే నిర్ణయించేస్తారని నా భయం. కానీ ఆ రోజు బల్ల మీద కూర్చుని పిల్లతో అబద్ధమాడగానే మా నాన్న వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

మా నాన్న చర్చి వ్యాను నడిపేవాడు. మా ఊరు దాటితే అంతా నల్లరేగడి. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. మంచు తగ్గగానే మిరప కల్లాలు మొదలయ్యేవి. చదునుగా నేల కనపడితే చాలు, ఎర్రగా కాయలు ఆరబోసేవాళ్ళు. గాలి అటు నుంచి తిరిగిందంటే ఊరంతా తుమ్మేది. మా పాస్టరు గారిని అందరం అయ్యగారు అనేవాళ్ళం. ఆయన ప్రసంగం మధ్యలో ఆగి తుమ్మితే సంఘం సంఘమంతా వరసగా తుమ్మేది. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆ తుమ్ములు కూడా ఆరాధనలో ఒక భాగమే అనుకునేదాన్ని నేను.

అమ్మ మిరపకాయలు కొయ్యడానికి కూలికి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొచ్చి నన్ను దగ్గరికి తీసుకుంటే కొంగులో ఘాటుకి కళ్ళు మండేవి. నాన్న దగ్గర వేరే వాసన. డీజిలు, తడిసిన గోనెసంచి, వీటన్నిటి కింద గేరు ఆయిలు. ఆ ఆయిలు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. సబ్బుకి లొంగదు. నాన్న కలిపిన ముద్దలో కొరివికారం ఘాటుతో పాటు ఆ కంపు కూడా కాస్త తగిలేది. పండుమిరపకాయలు, చింతపండు దంచి పెట్టిన ఆ కారంలో ఇంత నెయ్యి వేసి, వ్యాను నీడలో కూర్చుని, నాకొక ముద్ద, తనకొక ముద్ద. ఇప్పుడు మా ఇంట్లో అదే కారం మిక్సీలో పడుతున్నాం. రుచి బాగానే ఉంటుంది. ఏదో తక్కువైందని మాత్రం నాకొక్కదానికే తెలుస్తుంది.

వ్యాను నీలం రంగుది. దాని వయసు ఎవరికీ తెలియదు. ఆదివారం చుట్టుపక్కల పల్లెల నుంచి నడవలేని ముసలమ్మలని ఆరాధనకి తీసుకొచ్చేది. మిగతా రోజుల్లో చర్చి హాస్టలుకి బియ్యం మోసేది. పురుటి నొప్పులు వచ్చినవాళ్ళని ఆసుపత్రికి చేర్చేది. చర్చి ఆవరణలో మాకు ఇచ్చిన ఒంటిగది ఇల్లు కూడా ఆ వ్యాను పుణ్యమే. డ్రైవరన్నవాడు పిలవగానే పలకాలని ఇచ్చారు.

బండికి జబ్బు చేస్తే పేటలో హైవే పక్కన మేస్త్రి షెడ్డుకి వెళ్ళేవాళ్ళం. అక్కడొక పద్ధతి ఉండేది. మేస్త్రి ముందు బండి వంక చూసేవాడు కాదు. బీడీ వెలిగించుకుని స్టూలు మీద కూర్చుని, ఎలా మోగుతోందో నోటితో అని చూపించమనేవాడు. ఊళ్ళో ఎదురుపడితే మేం పలకరించడానికే జంకే పెద్ద రైతులు కూడా అక్కడ పంచె ఎగ్గట్టి, మెడ చాచి, గిర్ర్ గిర్ర్ టక్ అనేవాళ్ళు. టక్ ముందా, గిర్ర్ ముందా అని మేస్త్రి అడిగేవాడు. పాపం వాళ్ళు మళ్ళీ మొదటి నుంచీ అందుకునేవాళ్ళు. నేను కొట్టులో కొనిపించుకున్న వేడి పునుగులు తింటూ ఆ కచేరీ అంతా చూసేదాన్ని. ఇంటికొచ్చాక స్నేహితురాళ్ళతో అదే ఆట. ఒకరు బండి, ఒకరు మేస్త్రి.

ఆ కూతలకి అర్థాలు నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఇంజను తిప్పుడు పొడవాటి షాఫ్టు మీదుగా వెనక్కి పోతుంది. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనప డబ్బా ఉంటుంది. దాన్ని హౌసింగు అంటారు. అందులో ఆయిల్లో మునిగి ఉన్న పళ్ళ చక్రాలు ఆ తిప్పుడిని అందుకుని చక్రాలకి ఇస్తాయి. బండి ఎత్తుకునేటప్పుడు టక్‌మంటే షాఫ్టు కీలు అరిగినట్టు. మలుపు తిరిగినప్పుడే గుర్రుమంటే చక్రం బేరింగు. తారు రోడ్డు మీద ఒకలాగా, మట్టి రోడ్డు మీద ఒకలాగా ఉంటే అది టైర్ల గోల, ఇరుసుని ఆడిపోసుకోకూడదు. యాక్సిలేటరు తొక్కినంతసేపూ ఊరుకుని, కాలు తియ్యగానే సన్నగా కూసిందనుకో, అప్పుడు భయపడాలి. హౌసింగు ముక్కు దగ్గరుండే పినియన్ బేరింగు వదులైపోయిందన్నమాట. దాన్ని అలాగే వదిలేస్తే ఒకనాడు ఇరుసు ఉన్నపళాన బిగుసుకుపోతుంది. ఇవన్నీ నాన్న నాకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో అప్పుడు తెలియలేదు.

అప్పటికే నాన్న చెవులు పోతూ ఉన్నాయి. వయసులో ఉండగా పత్తి మిల్లులో పనిచేశాడు. పత్తి గింజలు వేరుచేసే ఆ జిన్నింగు యంత్రాల మోతకి తోటివాళ్ళంతా చెవుల్లో దూది కుక్కుకుంటే, రోజంతా దూదిలోనే ఉంటూ చెవుల్లో కూడా దూదేనా అని నవ్వేవాడట. ఆ మోతే చివరికి చెవులని తినేసింది. ముందుగా సన్నటి చప్పుళ్ళు పోయాయి. పిచ్చుకల అరుపులు, గాజుల గలగల, బడి గంట. మాటలు మాత్రం ఎదురుగా నిలబడి అంటే అందేవి. చర్చిలో తబలా వాయించేటప్పుడు పాడేవాళ్ళ పెదాలు చూసి దరువు వేసేవాడు. వాళ్ళు తల తిప్పితే దరువు తప్పేది.

ఇందులో నాకు లాభమే కనపడింది. నాన్న వెనక నిలబడి, రేగుపళ్ళకి పోతున్నా నాన్నా అని గొణిగి, ఆయన తల ఏ కాస్త కదిలినా సరేనన్నట్టు లెక్కేసుకుని పరిగెత్తేదాన్ని. అమ్మ పట్టుకుంటే, నాన్నని అడిగే వెళ్ళానని చెప్పేదాన్ని. నాన్న కూడా, అవును అడిగింది అని ఒప్పుకునేవాడు. నేను అడగలేదని అనాలంటే వినపడలేదని కూడా అనాలి కదా.

ఒకరోజు అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంది. వెనక నుంచి వచ్చిన లారీ హారను నాన్నకి వినపడలేదని సంఘ పెద్దల్లో ఎవరో అన్నారట. "మీ నాన్నకి వినపడట్లేదని ఎక్కడా అనమాక. బండి పోతే ఆయన మనిషిగా మిగలడు" అంది. ఇల్లు పోతుందని అనలేదు. అది నేను తరవాత పెద్దయ్యాక ఆలోచించుకున్నాను.

ఆ ఏడు కోతకాలపు పండుగకి ముందు వ్యాను కూయడం మొదలుపెట్టింది. ఆ పండుగ మా సంఘంలో పెద్ద పండుగ. పొలంలో మొదటి పంట ఎవరిదేదైనా దేవుడికి కానుకగా తెచ్చి చర్చి ముందు పెట్టేవాళ్ళు. మిరప బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలం పాట. ఆ సామానంతా పల్లెల నుంచి మోసుకొచ్చేది వ్యానే.

అయ్యగారు ముందు సీట్లో కూర్చుని పక్క ఊరు వెళుతూ, వెనక ఏదో కూస్తోందే అన్నారు. టైర్లండి అన్నాడు నాన్న. వెనక కూర్చున్న నాకు ఆ కూత సూదిలాగా గుచ్చుకుంటోంది. మట్టి రోడ్డు మీదా అదే కూత, తారు మీదా అదే. టైర్లు కానే కావు. నాన్నకి ఆ మాట తెలియక కాదు, ఆ కూత అసలు చెవిన పడక అలా అన్నాడని నాకు అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా నాన్న చెవుడు నాకు రేగుపళ్ళ వ్యవహారం. ఆ రోజు నుంచీ కాదు.

మర్నాడు నాన్న నన్ను ఖాళీ వ్యానులో ఎక్కించుకుని కాలువ కట్ట మీదికి తీసుకెళ్ళాడు. బండి ఆపి, వెనక్కి తిరిగి, నా మొహం వంక కాకుండా నా చేతుల వంక చూస్తూ, "నాకా కూత వినపడట్లేదమ్మా. నువ్వు విని చెప్పు" అన్నాడు. అంతే.

ఆయన బండి పోనిస్తుంటే నేను వ్యాను వెనక అడుగు పలకల మీద బోర్లా పడుకుని చెవి ఆనించాను. అంతకు ముందు రోజే బస్తాలు దింపారేమో, మిరప గింజలు పలక సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. తుమ్ము మీద తుమ్ము. వినేది సగం, తుమ్మేది సగం. బండి ఆగాక లేచి నోటితో అని చూపించాను. కూ అని ఎంత సన్నగా అంటే అంత సన్నగా. నాన్న నా పెదాల వంకే చూశాడు. నా నోటి నుంచి వచ్చినా ఆ సన్నదనం ఆయనకి అందలేదు. కాస్త బొంగురుగా అనమన్నాడు. బొంగురుగా అంటే అది ఆ కూత కాదు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఆయనే దారి కనిపెట్టాడు. నన్ను తన సీటు వెనక నిలబెట్టి, నీ వేలు నా వీపు మీద పెట్టమ్మా, కూత వచ్చినప్పుడు గీత గియ్యి, ఆగినప్పుడు ఆపు అన్నాడు. టక్‌మంటే చుక్క. గుర్రుమంటే అల. ఏ చప్పుడూ లేకపోతే అరచెయ్యి మొత్తం పరిచి ఆనించు అన్నాడు. బండి కదిలింది. చెమటకి తడిసిన ఖాకీ చొక్కా మీద నేను రాయడం మొదలుపెట్టాను. కాలు తొక్కినంతసేపూ అరచెయ్యి. కాలు తియ్యగానే గీత. ఆయన కావాలని తొక్కుతూ, తీస్తూ, తొక్కుతూ, తీస్తూ పోయాడు. నా వేలు ఆయన కాలి వెంబడే నడిచింది. కట్ట చివరిదాకా వెళ్ళి బండి ఆపాక, పినియన్ బేరింగు అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో భయం కన్నా సంతోషమే ఎక్కువ కనపడింది. బండి మళ్ళీ ఆయనతో మాట్లాడింది మరి.

దిగి బండి కిందికి దూరి చూస్తే హౌసింగు ముక్కు దగ్గర మట్టి తడిగా అంటుకుని ఉంది. ఆయిలు కారుతోంది. నాన్న అయ్యగారికి చెప్పాడు, హౌసింగు విప్పించాలని. విప్పితే షెడ్డులో కొన్ని రోజులు పడుతుంది. పండుగ దగ్గర పడింది. పండుగ అయ్యాక చూద్దామన్నారు సంఘ పెద్దలు.

వాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. పత్తి రైతు. భారీ మనిషి, భారీ గొంతు, అంతే భారీ మనసు. ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, బస్తాలు నిండా వేసినప్పుడు కూత తగ్గుతోంది, ఖాళీగా ఉంటే పెరుగుతోంది, కాబట్టి ఇది వదులైపోయిన పలకల గోల అని తేల్చాడు. తేల్చి ఊరుకోలేదు. తన సొంత పత్తి రెండు బోరేలు, పెద్ద గోతాల నిండా, మోయించుకొచ్చి, అడుగు పలకల కిందా, సీట్ల కిందా, ఇరుసు పైనుండే సందులోనూ దగ్గరుండి కుక్కించాడు. జారిపోకుండా కింద గోనెపట్టా కట్టించాడు. పత్తి పండించేవాడి చేతికి ఏ బాధకైనా పత్తే మందు మరి. చిత్రం ఏమిటంటే కూత పోయింది. అయ్యగారు ఎక్కి చూశారు. పెద్దలు ఎక్కి చూశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్దాయన మీసం మీద పత్తి పింజ అంటుకుని ఉంది, ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న నన్ను ఎక్కించుకుని మళ్ళీ కట్ట మీదికి పోయాడు. నేను ఆయన వీపు మీద అరచెయ్యి పరిచే ఉంచాను. తొక్కినా అరచెయ్యే, తీసినా అరచెయ్యే. నాన్న బండి ఆపి చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. నాకు సంబరంగా ఉంది. కూత పోయింది, నాన్న గుట్టు కూడా దాంతో పాటే దాగిపోయింది అనుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మకి అదే చెప్పాను. అమ్మ కూడా తేలిక పడింది. నాన్న మాత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, తినకుండా కలుపుతూనే ఉన్నాడు.

పండుగకి ముందు రోజు మధ్యాహ్నం చర్చి ముందు పందిరి వేశారు. సామాను దిగుతోంది. మేం పిల్లలం గుమ్మడికాయల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాం. అవతలి పల్లెల నుంచి ముసలమ్మలనీ, హాస్టలు పిల్లలనీ తెల్లవారి వ్యానులో తీసుకురావాలని అయ్యగారు నాన్నకి చెబుతున్నారు. ఆ దారంతా కాలువ కట్ట మీదే. నాన్న తల వంచుకుని విన్నాడు. విని, బండి తియ్యనండి అన్నాడు.

అందరూ పనులాపి అటు తిరిగారు. కూతే లేదు కదా, ఇంకేమిటి నీ బాధ అన్నాడు పత్తి పెద్దాయన. ఆయిలు కారుతోందన్నాడు నాన్న. పాత బండికి కారక ఏం చేస్తుందన్నారు ఇంకొకరు. మొన్న అయ్యగారితో టైర్లన్నావు, ఇప్పుడు ఇరుసంటున్నావు, నీ మాటకి ఒక తీరు లేదా అని మరొకరు. అమ్మ వంట పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. నాన్న నోరు మూసుకుని బండి తీస్తే సరిపోయేది. కూతే లేని బండిని నడిపి ఏదైనా అయితే ఎవరూ ఆయన్ని అనరు కూడా.

నాన్న తల ఎత్తాడు. చెవుడున్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. అందుకే ఆ మాటలు పందిరి దాటి రోడ్డు దాకా వినపడ్డాయి.

"అయ్యా, నాకు చెవులు పోయినయ్యండి. ఈ కూత నేను ఒక్కనాడూ విన్లేదు. నా కూతురు విని నా వీపు మీద రాస్తే తెలిసింది. ఇప్పుడు మీకు వినపడట్లేదు కాబట్టి లేదంటున్నారు. నాకు మొదటి నుంచీ వినపడట్లేదండి. అంతమాత్రాన అది లేకుండా పోయిందా?"

కట్టేసిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా చేతిలో వేరుశనక్కాయ అలాగే ఉండిపోయింది. అయ్యగారు నాన్న ముందుకొచ్చి చెయ్యి చాపారు. నాన్న తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. అయ్యగారు దాన్ని జేబులో వేసుకుని, నాన్నకి కనపడేటట్టు ఎదురుగా నిలబడి, పెదాలు విడివిడిగా కదుపుతూ, "రేపు బండి కదలదు. ట్రాక్టర్లు పంపుదాం" అన్నారు.

మర్నాడు పండుగ ఆలస్యంగా మొదలైంది. ముసలమ్మలు ట్రాక్టరు ట్రాలీల్లో, తలల నిండా దుమ్ముతో, పెళ్ళివారి లాగా నవ్వుకుంటూ దిగారు. వ్యానులో ఊపిరాడేది కాదని, ఇదే హాయిగా ఉందని, వచ్చే ఏడు కూడా ఇదే పంపమని అన్నారు. నాన్న తబలా దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు పాడేవాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే ఆయన వైపు తిరిగి నిలబడి పాడారు.

పండుగ మర్నాడు వ్యానుని ట్రాక్టరుకి కట్టి మెల్లగా పేటకి లాక్కెళ్ళారు. నాన్నతో పాటు నేనూ, పత్తి పెద్దాయనా వెళ్ళాం. గోనెపట్టా విప్పి పత్తి లాగింది ఆయనే. తెల్లగా కుక్కిన పత్తి హౌసింగు దగ్గర నల్లగా, ఆయిలు పీల్చుకుని బరువుగా వచ్చింది. అదే కంపు. మేస్త్రి మూత విప్పి చేతిలోకి అడుగున మిగిలిన ఆయిలు తీసుకుంటే ఇనప రజను ఎండకి తళతళలాడింది. పినియన్ బేరింగు వేళ్ళ మధ్య పెట్టి కదిపితే లొడలొడలాడింది. ఇది కట్ట మీద బిగుసుకుని ఉంటే బండి నీళ్ళల్లోనే అన్నాడు మేస్త్రి. పెద్దాయన ఆ నల్ల పత్తి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి నాకు పునుగుల పొట్లం కొనిచ్చాడు. తనూ తిన్నాడు.

బాగైన వ్యానుని ఇంటికి తోలుకొచ్చింది నాన్నే. అయ్యగారు ముందే ఇంటికొచ్చి చెప్పారు, ఇల్లు మీదే, బండి మాత్రం కొత్త డ్రైవరుకి ఇవ్వక తప్పదని. నాన్న తల ఊపాడు. అదే ఆయన చివరిసారి నడపడం. నేను సీటు వెనక నిలబడ్డాను. కూత లేదు. పేట నుంచి ఊరిదాకా నా అరచెయ్యి ఆయన వీపు మీది నుంచి తియ్యలేదు. తొక్కినా తియ్యలేదు, ఆపినా తియ్యలేదు. కల్లాల పక్కగా వచ్చేటప్పుడు ఇద్దరం తుమ్మాం. ఊళ్ళోకి వచ్చాక ఆయన వీపు కదులుతోందని నా చేతికి తెలిసింది. ఏడుస్తున్నాడు. నేను మొహం చూడలేదు. చెయ్యి మాత్రం ఇంకా గట్టిగా ఆనించాను.

తరవాత నాన్న పేటలో మేస్త్రి షెడ్డుకే పనికి పోయాడు. అక్కడ నోటి కచేరీ ఆయన దగ్గర చెల్లేది కాదు. రైతులు ఆయన అరచెయ్యి పట్టుకుని వేలితో గీతలు, చుక్కలు గీసేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని తెలుసుకునేవాడు. అది చూడ్డానికి ఎంత బాగుండేదో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం పత్తి పెద్దాయన మా ఇంటికొచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేతిలో తిప్పుతూ నాన్నతో ఏదో గొణిగాడు. నాన్నకి వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అయినా లాభం లేదు. చివరికి ఆ భారీ గొంతుతో, నాకు కళ్ళు ఆనట్లేదయ్యా, వాక్యం బట్టీ పట్టి చదువుతున్నా, పుస్తకం ఊరికే పట్టుకుంటున్నా అని అరవాల్సి వచ్చింది. ఆవరణంతా వినపడింది. అయ్యగారు కూడా వరండాలోకి వచ్చారు. పెద్దాయన మొహం కందిపోయింది. నాన్న లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తరవాత ఆదివారం ఆయన పుస్తకం పట్టుకోకుండానే, చూడకుండానే చెప్పాడు. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదని అందరూ అన్నారు.

ఇదంతా గుర్తొచ్చేసరికి జీపు ఎంత దూరం వచ్చిందో నేను చూసుకోలేదు. పిల్ల ఇంకా బండి అడుగు వంకే చూస్తోంది. దానివైపు వీపు తిప్పి కూర్చుని, కూత వస్తే గీత గీయమన్నాను, ఆగితే ఆపమన్నాను. ఇదేం ఆట అని నవ్వింది కానీ వేలు పెట్టింది. పాటలు ఆపి, కాసేపు యాక్సిలేటరు తొక్కి, కాలు తియ్యరా అని మావాడికి చెప్పాను. వాడు విసుక్కుంటూనే తొక్కాడు. వీపు మీద ఏమీ లేదు. కాలు తీశాడు. చిన్న వేలు రెండు భుజాల మధ్య సన్నగా, తిన్నగా, పొడవుగా గీత గీసింది. మళ్ళీ తొక్కాడు. ఆగింది. మళ్ళీ తీశాడు. గీసింది.

"పినియన్ బేరింగురా. మెల్లగా పోనిచ్చి షెడ్డు కనపడగానే ఆపు" అన్నాను. మావాడు అద్దంలోంచి నన్ను వింతగా చూసి, అంత సన్న చప్పుడు నీకెలా వినపడిందమ్మా అని అడిగాడు.

వినపడిందిలే అనేస్తే సరిపోయేది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. పందిరి కింద తల ఎత్తిన మా నాన్న కనపడ్డాడు.

"వినపడలేదురా. చాన్నాళ్ళ నుంచీ నాకు సన్నటివేవీ వినపడట్లేదు. మీతో చెప్పలేదు. నీ కూతురు చెబితే తెలిసింది" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. వాడు బండి పక్కకి తీసి ఆపేశాడు. వెనక్కి తిరిగి నా వంకే చూశాడు.

నా వీపు మీద వేలు ఆగింది. కాసేపటికి ఆ చోట ఒక చిన్న అరచెయ్యి మొత్తం పరుచుకుని వెచ్చగా ఆనింది. అరచెయ్యి సంగతి నేను దానికి చెప్పనే లేదు.